2,450 రూపాయల ట్రిమ్మర్ రౌటర్, పది నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది వైఫై రౌటర్ గురించి కాదు. చెక్క అంచులు గుండ్రంగా తీయడానికి, గాడి కోయడానికి, అతికించిన మైకాని ప్లైవుడ్ అంచుకి సమానంగా కత్తిరించడానికి వాడే మిషన్ గురించి. మన కార్పెంటర్లు చిన్నదాన్ని ట్రిమ్మర్ అంటారు, రెండు పిడులున్న పెద్దదాన్ని రౌటర్ అంటారు. నేను కొన్నది చిన్నది, ఆన్‌లైన్‌లో 2,450 పడింది. కంపెనీ పేరు రాయడం లేదు, రాసినా మీకు పెద్దగా పనికిరాదు. ఎందుకంటే అదే బాడీ, చెక్క మీద ఆనే అదే ప్లాస్టిక్ బేస్, అవే రెండు పానాలు, రంగూ స్టిక్కరూ మార్చి అరడజను పేర్లతో అమ్ముతున్నారు, మీరు కొనేది నాది కాకపోయినా దాని అన్నో తమ్ముడో అయి ఉంటుంది. ఐదు స్టార్లకి మూడు ఇస్తాను. ఆ మూడులో ఒకటి నిజానికి మా బాబాయ్‌ది.

బాబాయ్ అంటే సొంత బాబాయ్ కాదు, మా వీధి చివర షెడ్డులో ద్వారబంధాలు చేసే వడ్రంగి. నలభై ఏళ్లుగా అదే పని, పది వేళ్లూ ఉన్నాయి, ఎవరైనా కొత్తవాళ్లొస్తే రెండు చేతులూ చాపి "ఇదేరా నా సర్టిఫికెట్" అంటాడు. నేను ఖమ్మంలో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్నాను, చెక్కపని ఆదివారాల సరదా. ఊళ్లో తాతయ్య పెంకుటిల్లు తీసేసినప్పుడు టేకు ద్వారబంధాలు రెండు మిగిలాయి. వాటిని పొయ్యి పాలు చేయడం మనసొప్పక, నాలుగు పీటలు చేద్దామని ఆటోలో వేసుకొచ్చాను. ఉలి, చిత్రిక, రంపం ఇంట్లో ఉన్నాయి. పీటల అంచులు చేత్తో గుండ్రంగా తీసే ఓపిక మాత్రం లేదు, అందుకని ఈ మిషన్.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వాట్లు, దాని కింద 30,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు అని ఉంటుంది. కొనేముందు నేనూ వాటినే చూశాను, అందరూ వాటినే చూస్తారు. మకిటా 3709కి ఉన్నవి 530 వాట్లు, బాష్ జీకేఎఫ్ 550కి 550 వాట్లు. అవి షెడ్డుల్లో రోజంతా నలిగే మిషన్లు. నా డబ్బా మీద అంతకన్నా ఎక్కువ వాట్లు రాసి ఉన్నాయి, ధర మాత్రం చాలా తక్కువ. అనుమానం అక్కడే రావాల్సింది. వాడాక తెలిసిందేమిటంటే, ఇందులో మన వేళ్లని కాపాడేవి వాట్లు కావు. బిట్టుని, అంటే తిరుగుతూ చెక్కని కోసేదాన్ని, పట్టుకునే కోలెట్, బేస్‌ని పట్టుకునే స్క్రూ, కరెంటుని ఆపే స్విచ్, ఈ మూడే. సరిగ్గా ఆ మూడే ఇందులో నాసిగా వచ్చాయి. మోటారు మాత్రం, నిజం చెప్పాలంటే, బానే ఉంది.

కోలెట్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు మొదటి దెబ్బ తగిలింది అక్కడే. చుట్టూ చీలికలు పెట్టిన చిన్న ఉక్కు గొట్టం అది. పైన నట్టు బిగిస్తే చీలికలు దగ్గరకొచ్చి బిట్టు కాడని అన్నివైపులా అదిమి పట్టుకుంటాయి. మిషన్‌తో రెండు వచ్చాయి, ఒకటి 6 మి.మీ., ఇంకోటి 6.35 మి.మీ., అంటే పావు అంగుళం. పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలియదు. మిషన్‌కి బిగించి పంపింది పావు అంగుళంది, నేను బయట విడిగా కొన్న గాడి బిట్టు కాడ 6 మి.మీ. దూర్చితే దూరింది, పానాలతో బిగిస్తే బిగిసినట్టే అనిపించింది. పీట అడుగున కాళ్లు కూర్చోవడానికి 5 మి.మీ. లోతు గాడి తీయడం మొదలుపెట్టాను. జానెడు దూరం పోయాక శబ్దం మారింది, అప్పటిదాకా సన్నగా ఈల వేస్తున్నది కాస్తా గొంతు బొంగురుపోయినట్టు మూలగడం మొదలుపెట్టింది. ఆపి స్కేలు పెట్టి చూస్తే గాడి మొదట్లో 5, చివర 9. అంటే బిట్టు కోలెట్‌లోంచి జారుతూ చెక్కలోకి దిగిపోతోంది. ఇంకో జానెడు పోనిస్తే పూర్తిగా ఊడి వచ్చేదేమో. తేడా అంతా కలిపి 0.35 మి.మీ., మూడు నాలుగు కాగితాల మందం.

బాబాయ్‌కి చూపిస్తే తిట్టలేదు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, బిట్టు కాడని ఎండలోకి తిప్పి, దాని మీద పడ్డ నల్లటి చారలు చూపించాడు. "జారిన బిట్టుకి ఒంటి మీద ఇట్లా వాతలు తేలతయి. వాతలున్న బిట్టుని మళ్లీ పెట్టకు." తర్వాత తను ఎలా బిగిస్తాడో చేసి చూపించాడు. కోలెట్‌నీ లోపలి గొట్టాన్నీ ముందు గుడ్డతో తుడిచాడు, పొట్టూ జిగురూ కలిసి లోపల పేరుకుంటే పట్టు దొరకదట. బిట్టుని అడుగు తగిలేదాకా దూర్చి, రెండు మూడు మి.మీ. వెనక్కి లాగి, అప్పుడు బిగించాడు. అడుగుకి ఆనించి బిగిస్తే నట్టు తిరుగుతున్నప్పుడు కోలెట్ కిందకి దిగడానికి చోటుండదు, బిగిసినట్టు అనిపిస్తుంది కానీ కాడని సరిగా పట్టుకోదు. అలాగని పైపైన పెట్టి బిగించడమూ కాదు, కాడలో ముప్పావు వంతైనా లోపల ఉండాలి. లోతు చాలడం లేదని బిట్టుని ఇంకాస్త బయటకి లాగి పెట్టేవాళ్లున్నారు, అలా చేయొద్దు, పొడుగు బిట్టు కొనుక్కోవాలి. బిట్టు లేకుండా ఖాళీ నట్టుని గట్టిగా బిగించి పక్కన పెట్టే అలవాటు నాకుండేది. "అట్లా చేస్తే దాని నోరు పడిపోతది" అన్నాడు. చివరగా సన్న మార్కర్‌తో కాడ మీద, నట్టుకి ఆనుకుని ఒక గీత గీశాడు. ప్రతి కోత తర్వాత ఆ గీత నట్టుకి ఆనుకునే ఉందా, దూరం జరిగిందా చూస్తే చాలు. ఏ వీడియోలోనూ నేను చూడని ఉపాయం ఇది, ఖర్చు మార్కర్ అంతే.

మిషన్‌తో వచ్చిన 6 మి.మీ. కోలెట్ కూడా నాసిదే కాబట్టి, ఆ తర్వాత సికింద్రాబాద్ పనిమీద వెళ్లినప్పుడు దాన్ని జేబులో వేసుకుని రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగాను. నాలుగో చోట కొట్టాయన కాలిపర్ పెట్టి నా బిట్టుల కాడలన్నీ కొలిచి, దానికి సరిపోయే 6 మి.మీ. కోలెట్ వెతికి ఇచ్చాడు. ఈ మిషన్ మీద నేను పెట్టిన డబ్బులో సార్థకమైంది అదే. పావు అంగుళం కోలెట్‌ని ఎర్ర రంగు పూసి వేరే డబ్బాలో పెట్టాను, రెండూ ఒకే డబ్బాలో ఉండనివ్వను.

బేస్ స్క్రూ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. రెక్కలున్న చిన్న స్క్రూ, మోటారు వణుకుకి వదులవుతుంది, వదులైతే లోతు మారుతుంది. స్ప్రింగ్ వాషర్ వేశాను, ప్రతి కోతకి ముందు వేలితో ఒకసారి తిప్పి చూస్తాను.

ఇక దిశ. డబ్బాలో వచ్చిన మాన్యువల్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు. ఎనిమిది పేజీల ఇంగ్లీషు, అందులో సగం ఏదో గ్రైండర్‌ది తెచ్చి అతికించినట్టు ఉంది. రౌటర్ వాడేవాడికి అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఇదే. పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. చెక్క అంచు మనకి ఎదురుగా, ఇవతల ఉంటే మిషన్‌ని ఎడమ నుంచి కుడికి తొయ్యాలి. అలా తోస్తే బిట్టు పళ్లు చెక్కకి ఎదురెళ్లి కోస్తాయి, చేతికి కాస్త బరువుగా, అవతల నుంచి ఎవరో ఎదురు నెడుతున్నట్టు తగులుతుంది. ఆ ఎదురు ఉన్నంతసేపు మిషన్ మన మాట వింటోందని అర్థం. తిరగేసి తోస్తే పళ్లు చెక్క మీద చక్రంలా ఎక్కి మిషన్‌నే లాక్కుపోతాయి.

ఇదంతా వేరేచోట చదివే మొదలుపెట్టాను. మొదటి పీట మూడు అంచులు ముచ్చటగా వచ్చాయి, ఎందుకంటే బల్ల చుట్టూ నేనే తిరుగుతూ ప్రతి అంచునీ నా ముందు ఉంచుకుని చేశాను. నాలుగో అంచు గోడ వైపు ఉంది. అటు వెళ్లడానికి చోటు లేదు, పీటని బల్లకి బిగించి పట్టే క్లాంపులు ఊడదీసి తిప్పడానికి బద్ధకం. ఇవతల నుంచే వంగి, చెయ్యి చాపి, అలవాటు కొద్దీ ఎడమ నుంచి కుడికే తోశాను. అంచు ఇప్పుడు అవతలి వైపు ఉంది కాబట్టి అదే ఎడమ నుంచి కుడి దానికి తప్పు దిశ అవుతుందన్న సంగతి తట్టనే లేదు. బిట్టు తగలగానే పలుపు తెంచుకున్న దూడలా ఒక్క ఉరుకు. నేను తోస్తున్నానో అది నన్ను లాగుతోందో తెలిసేలోపు పీట చివరికి వెళ్లి, మూల కొరికి, గాల్లోకి లేచింది. అంగుళం టేకు ముక్క గోడకి కొట్టుకుని కింద పడింది. రెండు చేతులతో పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, ఇంకో చెయ్యి చెక్క మీద ఆనించి ఉంటే ఈ రివ్యూ ఒంటి చేత్తో టైప్ చేస్తూ ఉండేవాణ్ని.

ఇప్పుడు ప్రతి కోతకి ముందు, మిషన్ ఆపి ఉండగానే, ఒక పని చేస్తాను. కుడి అరచెయ్యి కిందకి తిప్పి, బొటనవేలూ చూపుడు వేలూ మూలమట్టంలా చాపి, బొటనవేలిని చెక్క వైపు పెడతాను. చూపుడు వేలు ఎటు చూపిస్తే మిషన్ అటు వెళ్లాలి. అంచు ఇవతలున్నా అవతలున్నా, కిటికీ చట్రం లోపలి అంచైనా, లెక్క తప్పదు. పీట బయటి అంచుల చుట్టూ అయితే గడియారానికి ఎదురు తిరుగుతాం, చట్రం లోపల అయితే గడియారం వైపే తిరుగుతాం. రౌటర్‌ని తలకిందులుగా టేబుల్‌కి బిగించుకునేవాళ్లకి మాత్రం ఈ చెయ్యి లెక్క పనిచేయదు, అక్కడ చెక్క మనకీ బిట్టుకీ మధ్య ఉంటే కుడి నుంచి ఎడమకి తొయ్యాలి.

దిశ సరిగ్గా ఉన్నా అత్యాశకి పోతే అంతే సంగతి. గాడి ఎంత లోతు కావాలన్నా ఒకసారికి 3 మి.మీ. మించి దించను, టేకులో అయితే రెండుతోనే ఆపుతాను, 8 కావాలంటే మూడు నాలుగు సార్లు వెళ్తాను. ఒకేచోట ఆగితే చెక్క నల్లబడుతుంది, తొందరపడితే పేళ్లు లేస్తాయి. వేగం సరిగ్గా ఉందో లేదో కింద పడే పొట్టే చెప్తుంది. కొబ్బరి కోరులా పడుతుంటే సరే, విభూతిలా మెత్తగా రాలుతుంటే మనం మరీ నెమ్మదిగా పోతున్నామన్నా కావాలి, బిట్టు మొండిబారిందన్నా కావాలి. టేకులో సహజంగానే ఇసుకలాంటి సిలికా ఉంటుంది, బిట్టు పదును తొందరగా తినేస్తుంది. పీటకి ముందు అడ్డంగా ఉన్న పొట్టి అంచులు తీసి, తర్వాత నిలువు అంచులు తీస్తే మూలల్లో లేచిన పేళ్లు రెండో కోతలో పోతాయి. ఇది కూడా బాబాయ్ చెప్పిందే, కాకపోతే చెప్పింది మూల కొరుక్కుపోయాక.

చెక్కని పట్టుకోవడం దగ్గర ఆయనకీ నాకూ చిన్న వాదన అయింది. మన వడ్రంగులు నేల మీద కూర్చుని చెక్కని పాదంతో అదిమి పట్టి పని చేస్తారు. ఉలికీ చిత్రికకీ అది చూడముచ్చటైన పద్ధతి, నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. బాబాయ్ షెడ్డులో ట్రిమ్మర్ కూడా అలాగే నడుస్తుంది, కాలి బొటనవేలికి బెత్తెడు దూరంలో. ఆయన అనుభవం ముందు నేనెంత, అయినా అది చూస్తుంటే నాకు కడుపులో తిప్పుతుంది. "నలభై ఏళ్లయింది, ఏమైనా అయిందారా" అన్నాడు. "నీకు కాలేదు బాబాయ్, నీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకి నీ నలభై ఏళ్లు లేవు కదా" అన్నాను. ఏం మాట్లాడలేదు. తర్వాతి నెల వెళ్లేసరికి బల్లకి రెండు సి క్లాంపులు వేలాడుతున్నాయి, నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చేతిలో ఇమిడేంత చిన్న ముక్కలైతే క్లాంపుకీ చోటుండదు, వాటిని విడిగా రౌటర్ చేయకూడదు. పెద్ద పలక అంచునే ముందు రౌటర్ చేసి, తర్వాత చిన్న ముక్కగా రంపంతో కోసుకోవాలి.

పాత కలపతో ఇంకో గండం, మేకులు. ద్వారబంధానికి ఎవరెప్పుడు మామిడి తోరణం కోసం ఏ మేకు కొట్టారో, అది ఎక్కడ విరిగి లోపల ఉండిపోయిందో ఎవరికి తెలుసు. పాడైన స్పీకర్‌లోంచి అయస్కాంతం తీసి దారానికి కట్టి చెక్క అంతా తిప్పాను, మూడు దొరికాయి. నాలుగోది బిట్టుకి దొరికింది. నిప్పురవ్వ, టప్ మని శబ్దం, బిట్టు మీది కార్బైడ్ అంచు ఒక పక్క చిట్లిపోయింది. ఆ ముక్క ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. అప్పుడు నాకున్నది మామూలు కళ్లజోడే, పక్కల నుంచి అంతా ఖాళీ. ఆ సాయంత్రమే పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు కొన్నాను, 120 రూపాయలు, కళ్లజోడు మీద నుంచే పెట్టుకోవచ్చు.

స్విచ్ కథ వేసవిది. ఇందులో ఉన్నది అటూ ఇటూ జరిపే స్విచ్, జరిపితే అక్కడే ఉండిపోతుంది, వేలు తీస్తే ఆగే రకం కాదు. ఒక సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. మిషన్ ఆగిపోయింది కదా అని బల్ల మీద పెట్టి నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాను. కరెంటు వచ్చింది. స్విచ్ ఆన్‌లోనే ఉంది, మిషన్ తనంతట తానే లేచి బల్ల మీద పాకి, పక్కనున్న స్కేలుని గీరి, కింద పడింది. వైరు లాగి ప్లగ్ ఊడింది కాబట్టి అంతటితో ఆగింది. బేస్ ప్లాస్టిక్ అడ్డంగా పగిలింది. మా పాప అప్పుడు ట్యూషన్‌లో ఉంది. సాయంత్రాలు ఆ పొట్టులో ఆడుకునేది అదే, ఆ ఒక్క సంగతి తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమటపడతాయి.

పెద్ద మిషన్లు కొన్నింటిలో కరెంటు పోయి వచ్చినా మళ్లీ మనం నొక్కితేగానీ తిరగని ఏర్పాటు ఉంటుంది. ఈ ధరలో దాని మీద ఆశ పెట్టుకోకండి. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి మిషన్ ఏ కారణంతో ఆగినా మొదట నా చెయ్యి ప్లగ్ మీదకి వెళ్లాలని పెట్టుకున్నాను. బిట్టు మార్చేటప్పుడు ప్లగ్ తీసి నా కళ్ల ముందు, బల్ల మీద పెట్టుకుంటాను, గోడ దగ్గర స్విచ్ ఆపితే చాలదు, ఎవరో ఫ్యాన్ అనుకుని వేస్తారు. మళ్లీ ప్లగ్ పెట్టేముందు మిషన్ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడాలి, ఆన్ చేసేటప్పుడు బిట్టు చెక్కకి తగలకూడదు, ఎందుకంటే స్టార్ట్ అయ్యేటప్పుడు మణికట్టు మెలితిప్పినట్టు ఒక కుదుపు ఇస్తుంది. ఆపాక కూడా బిట్టు పూర్తిగా నిలిచేదాకా చేతిలోనే ఉండాలి, శబ్దం తగ్గినంత మాత్రాన ఆగినట్టు కాదు.

పగిలిన బేస్ కోసం అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, "దానికి స్పేర్లు రావు సార్, ఇంకోటి ఆర్డర్ పెట్టుకోండి" అన్నారు, మంచినీళ్లంత తేలిగ్గా. 6 మి.మీ. యాక్రిలిక్ పలక కోయించి నేనే చేసుకున్నాను. ఒక స్టార్ అక్కడ పోయింది, ఇంకో స్టార్ కోలెట్ దగ్గర ముందే పోయింది.

30,000 ఆర్‌పీఎం అన్నాను కదా, అది సెకనుకి 500 చుట్లు. 25 మి.మీ. వెడల్పున్న బిట్టు అంచు ఆ లెక్కన గంటకి 140 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది, 50 మి.మీ. బిట్టు అయితే 280 దాటుతుంది. అందుకే లావు బిట్టులకి వేగం తగ్గించాలి, ఇందులో తగ్గించే నాబ్ లేదు. తలుపు ప్యానెళ్లకి వాడే అరచేయంత బిట్టులు చూసి మోజుపడి దీనికి పెట్టాలని చూడొద్దు. వాటికి అర అంగుళం కాడ పట్టే పెద్ద రౌటర్ కావాలి, టేబుల్ కావాలి, పది పన్నెండు వేలకి దింపిన వేగం కావాలి. నేనైతే ఇందులో 25 దాటనివ్వను.

సెకనుకి 500 చుట్లు తిరిగేదాని దగ్గర దారం పోగు ఏమవుతుందో ఊహించుకోండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేతులకి తొడుగులు వేసుకుంటే భద్రం అనుకుంటారు, నేనూ కొన్నాను. తప్పు. బిట్టుకి వేలు తగిలితే గాయం, తొడుగు అంచు తగిలితే చెయ్యి మొత్తం లోపలికి. మన ఒంటి మీద వేలాడేవి చాలానే ఉంటాయి, గుడిలో కట్టిన చేతి దారం, భుజం మీద తువ్వాలు, ఆడవాళ్లకి చున్నీ. నా చేతికున్న దారం చూసి బాబాయ్ మొదటిరోజే కత్తెర ఇచ్చాడు. మొన్న కార్తీకంలో ఆయన షెడ్డులో పనిచేసే కుర్రాడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. మిగతా రోజుల్లో "ఒరేయ్" తప్ప పిలవని బాబాయ్, దీక్షలో ఉన్నాడు కాబట్టి, అతను ట్రిమ్మర్ ముట్టుకున్నప్పుడల్లా "స్వామీ, మాల చొక్కా లోపలికి వేసుకోండి స్వామీ" అని వినయంగా చెప్పేవాడు, నల్ల పంచె పైకి కట్టే దాకా మిషన్ ఇచ్చేవాడు కాదు. కుర్రాడు ఆ నలభై రోజుల మర్యాదని బాగా ఎంజాయ్ చేశాడనుకుంటా.

చెవికి మఫ్‌లు, ముక్కుకి మాస్కు గురించి అందరూ చెప్తారు కాబట్టి రెండు ముక్కల్లో. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటల వరకు భరించవచ్చని లెక్క, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, ఈ మిషన్ శబ్దానికి పక్కింటివాళ్లే కిటికీ మూసుకుంటున్నారు. చెక్క పొడి సంగతి నేను తేలిగ్గా తీసుకున్నాను, తుమ్ములేగా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది, ముఖ్యంగా ముక్కు, సైనస్ భాగాల్లో. ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే పలక అయితే పొడితో పాటు ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా. తువ్వాలు ముక్కుకి కట్టుకుంటే ఆ సన్న పొడి ఆగదు, పైగా వేలాడే తువ్వాలు ఎందుకు వద్దో ఇందాకే చెప్పాను. ఎన్-95 వాడండి.

బిట్టుల పెట్టె గురించి కూడా ఒక మాట. పదిహేను బిట్టులు, చెక్క పెట్టె, ఎర్ర రంగు, చూడగానే కొనాలనిపిస్తుంది, నేనూ కొన్నాను. అందులో వాడింది నాలుగు. అంచులు గుండ్రం చేసే బిట్టు చివర చిన్న బేరింగ్ ఉంటుంది, అది చెక్క అంచుని ఆనుకుని నడుస్తుంది, దాన్ని పట్టి ఉంచేది మినపగింజంత స్క్రూ. రెండో పీట మధ్యలో ఆ స్క్రూ వదులై బేరింగ్ ఎగిరిపోయింది, బిట్టు ఆనుకోవడానికి ఏమీ లేక చెక్కలోకి తినేసింది. పనికి ముందు ఆ స్క్రూ కూడా బిగించి చూసుకోవాలని అప్పుడు తెలిసింది. పెట్టె మొత్తం కొనేకన్నా ఒక గాడి బిట్టు, ఒక గుండ్రం బిట్టు, మైకాని అంచుకి సమానంగా కత్తిరించే ఒక ఫ్లష్ బిట్టు, మూడూ విడిగా మంచివి కొనుక్కుంటే డబ్బు దాదాపు అంతే అవుతుంది.

మరి కొనాలా వద్దా అంటే, వంటింటి అరలకి మైకా అంచులు కత్తిరించుకోవడం, నెలకో బొమ్మో పీటో చేసుకోవడం వరకే అయితే కొనొచ్చు, కోలెట్‌కీ క్లాంపులకీ ఇంకో వెయ్యి పక్కన పెట్టుకుని. వారం వారం పని ఉంటే కాస్త ఆగి, వేగం తగ్గించే నాబ్, మెల్లగా స్టార్ట్ అయ్యే ఏర్పాటు ఉన్నది తీసుకోండి. మకిటా ఆర్‌టీ0700సీ లాంటిది, అందులో వేగం 10,000 నుంచి 30,000 వరకు మార్చుకోవచ్చు. నేను మళ్లీ కొంటే అదే కొంటాను. ఇది పాడయ్యేదాకా కొననివ్వరు ఇంట్లో, అది వేరే విషయం.

నాలుగు పీటలూ పూర్తయ్యాయి. మూల కొరుక్కుపోయినదాన్ని మిగతా మూలలు కూడా కాస్త కోసి సరిచేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, మూల లేని వైపు గోడకి పెట్టుకుని దాని మీదే కూర్చుని కూరగాయలు తరుగుతోంది. చుట్టాలొస్తే మాత్రం ఆ పీట మంచం కిందకి వెళ్తుంది.